టార్పాలిన్ కింద శనివారాలు

జూలైలో లైల్ ఇల్లు వదిలి వెళ్ళాడు. కొట్లాట జరగలేదు, గిన్నెలు ఎగరలేదు. పాల ట్యాంకరు నడిపే మనిషికి సామాను ఎంతుంటుంది? రెండు సంచుల బట్టలు, ఒక రేడియో, గడ్డం గీసుకునే సరంజామా. పక్క ఊళ్ళో మందుల షాపు మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. లేరన్నాడు. అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు, కాబట్టి నమ్మాను. నిజం చెప్పొద్దూ, ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది. కూర్చుని తిట్టుకోవడానికి ఒక పేరైనా దొరికేది.

"మరి దేనికి వెళ్తున్నట్టు?" అన్నాను.

"ఇంట్లో ఊపిరాడట్లేదు రోండా. నీ తప్పేం లేదు."

నా తప్పు లేకపోతే నేను దిద్దుకునేదేముంది? అన్నిటికంటే ఆ మాటే నాకు ఒళ్ళు మండించింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఒకే మాట మీదికి వచ్చాం. గారెట్‌కి అప్పుడే చెప్పకూడదు. మా ఒక్కగానొక్క కొడుక్కి కాలేజీలో అది ఆఖరి ఏడాది, ఆఖరి ఫుట్‌బాల్ సీజను. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే మా అమెరికా ఫుట్‌బాల్. చదువైపోయాక వాడు మళ్ళీ జట్టు చొక్కా తొడిగేది లేదు, మా ఆల్డెన్‌బర్గ్ కాలేజీ పిల్లలెవరూ తొడగరు. మాది చిన్న కాలేజీ. మా ఆటలు టీవీలో రావు. గ్యాలరీలో కూర్చునేది ఆడే పిల్లల అమ్మానాన్నలు, పాత విద్యార్థులు, ఇంట్లో ఉండబుద్ధి కాని ముసలివాళ్ళు.

పైగా మా వాడు ఆడేది ఎవరి కంటికీ ఆనని చోటు. గోలుకు బంతి తన్నాల్సి వచ్చినప్పుడు, వంగి కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసిరేవాడు ఒకడుంటాడు. వెనక ఇంకొకడు దాన్ని పట్టి నేల మీద నిలబెడితే, మూడోవాడు వచ్చి తన్నుతాడు. చప్పట్లన్నీ తన్నినవాడికే. విసిరినవాడి పేరు జనానికి తెలిసేది వాడు తప్పు చేసిన రోజునే. గారెట్ పేరు ఇంతవరకూ ఎవరికీ తెలియలేదు. అది నాకు గర్వం.

"సీజను అయిపోనీ. ఆఖరి ఆట అయిన రోజే ఇద్దరం కలిసి చెబుదాం," అన్నాడు లైల్. "అప్పటిదాకా ఆటలుండే శనివారాలన్నీ వస్తాను. పక్కనే కూర్చుంటాను."

సరేనన్నాను. రెండు కార్లలో వెళ్దామని, అతని కారు చర్చి వెనకాల ఎవరూ చూడని చోట పెట్టాలని కూడా అప్పుడే అనుకున్నాం.

సెప్టెంబరులో మొదటి ఆటకు మేమిద్దరం కూర్చున్న తీరు చూస్తే నవ్వొస్తుంది. మధ్యలో ఐసు పెట్టె, దానికి అటు అతను, ఇటు నేను. బస్సులో పరిచయం లేని ఇద్దరు కూర్చున్నట్టు కూర్చున్నాం. సగం ఆట అయ్యేసరికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, కుమ్మేసింది. లైల్ ట్యాంకరులోంచి నీలం టార్పాలిన్ తెచ్చి పెట్టుకున్నాడు. ఐసు పెట్టె కాళ్ళ కిందికి తోసి, నా పక్కకు జరిగి, దాన్ని ఇద్దరి మీదా కప్పాడు. వేరే దారి లేదు, ఉన్నది ఒక్కటే. భుజానికి భుజం తగిలింది. జూలై తర్వాత నాకు ఒక మనిషి తగలడం అదే.

అప్పటికి మా పిల్లలు చిత్తుగా ఓడిపోతున్నారు. మేము టార్పాలిన్ కిందికి దూరాక ఏమైందో ఏమో, వరసగా మూడుసార్లు బంతితో అవతలి గీత దాటి గెలిచేశారు. ముందు వరసలోంచి పెగ్గీ గిర్రున వెనక్కి తిరిగింది. పెగ్గీ అంటే బంతి తన్నే కోడీ వాళ్ళమ్మ, గ్యాలరీలో మా అమ్మలందరికీ పెత్తందారు.

"చూశారుగా! ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తుపెట్టుకోండి. ఇక సీజనంతా అంతే. రోండా, మీ ఇద్దరూ ఆ పట్టా కిందే."

"వాన లేకపోతే?"

"ఎండ కాసినా సరే. గెలిచే జట్టు అదృష్టాన్ని కెలకొద్దు. మీవల్ల ఓడిపోతే మాత్రం నేను ఊరుకునేది లేదు."

అందరూ నవ్వారు. నవ్వుతూనే అందరూ ఒప్పుకున్నారు కూడా. మా దగ్గర అంతే. దేవుణ్ణి ఆదివారం మాత్రమే తలుచుకునేవాళ్ళు కూడా శనివారం ఉతకని మేజోళ్ళు తొడుక్కుని వస్తారు, ఆ మేజోళ్ళతో కిందటి వారం గెలిచాం కదా అని. ఇలాంటి పట్టింపుల్లో అందరికంటే గట్టివాడు లైల్. నేను లోపల నవ్వుకునేదాన్ని. అతను నవ్వడు. గెలిచిన రోజు పెట్టుకున్న టోపీని సీజను అయ్యేదాకా ఇంట్లోకి కూడా రానివ్వడు, ట్యాంకరులోనే ఉంచుతాడు.

అలా మా ఇద్దరికీ ఒకే పట్టా ఖాయమైంది. పిల్లలు గెలుస్తూ పోయారు. పిల్లలు గెలిచినన్నాళ్ళూ మేము విడిగా కూర్చోవడానికి వీల్లేదు.

మిగతా వారమంతా నేను ధాన్యం కొట్టులో కాటా దగ్గర కూర్చునేదాన్ని. మొక్కజొన్న కోతలు మొదలయ్యాయి. లారీ వస్తుంది, తూకం వేస్తాను, చీటీ ఇస్తాను, ఇంకో లారీ వస్తుంది. పగలు ఎలాగో గడిచేది. ఇంటికి రాగానే చెప్పలేనంత బరువు. సింకు దగ్గర నిలబడి రొట్టె ముక్క తిని, గిన్నె కూడా మురికి చేయకుండా పడుకునేదాన్ని. ఒక్కదాని కోసం బల్ల దగ్గర కూర్చోవడం ఎందుకనిపించేది. పొయ్యి వెలిగించేది శుక్రవారం సాయంత్రమే. ఆట అయ్యాక పిల్లలందరికీ పార్కింగులో మేమే తిండి పెడతాం, నా వంతు జున్ను వేసిన బంగాళదుంపల కూర. పెద్ద ట్రే నిండా చేసేదాన్ని. ఇల్లంతా ఆ వాసన నిండితే ప్రాణం లేచి వచ్చేది. ఎవరో ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

అక్టోబరులో ఒక శనివారం ఎండ మండిపోయింది. మేమిద్దరం టార్పాలిన్ కింద చెమటలు కక్కుతున్నాం. నాకు బాత్రూముకు వెళ్ళాల్సి వచ్చింది. లేవబోయాను.

"ఎక్కడికి?" లైల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికంటే ఏం చెప్పను? వెళ్ళాలి."

"ఇప్పుడా? వాళ్ళు మన గీత దగ్గరికొచ్చేశారు. కూర్చో."

"లైల్, నా వయసు యాభై రెండు. ఇది ఆగే వ్యవహారం కాదు."

"ఒక్క నిమిషం. ఒక్కటే. గారెట్ కోసం."

పెగ్గీ వెనక్కి తిరగకుండానే అరిచింది. "రోండా లేచిందంటే మాత్రం నేను దూకి చస్తా!"

కూర్చున్నాను. మా పిల్లలు బంతి లాక్కున్నారు. గ్యాలరీ అంతా లేచి గంతులేసింది. లైల్ నా భుజం మీద రెండు చేతులూ వేసి ఊపేశాడు, ముఖం ఎర్రగా, నోరంతా తెరిచి. పెళ్ళైన కొత్తలో ఇలాగే నవ్వేవాడు. తర్వాత తనకే గుర్తొచ్చి చేతులు తీసేసుకున్నాడు.

"పెనం కొన్నాను," అన్నాడు కాసేపయ్యాక, ఆట వైపే చూస్తూ.

"ఏ పెనం?"

"గుడ్లు వేసుకోవడానికి. అంతా అంటుకుపోతోంది."

"నూనె వేడెక్కకుండా వేస్తున్నావు. ఎప్పుడూ ఆత్రమే నీకు."

"అవును," అన్నాడు.

అంతే మాట్లాడుకున్నాం. ఆ నాలుగు ముక్కలూ నేను వారమంతా నెమరేసుకున్నాను. నూనె సంగతి అడగడానికైనా ఫోను చేస్తాడేమో అని చూశాను. చేయలేదు. కానీ శనివారం వస్తోంది కదా అనుకునేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కొడుకు జట్టు గెలవాలని నేను ఆ ఏడాది కోరుకున్నంతగా ఎప్పుడూ కోరుకోలేదు. కొడుకు కోసం మాత్రమే కాదు.

ఆ సాయంత్రం పార్కింగులో గారెట్ నిలబడే రెండు ప్లేట్ల కూర లాగించాడు. "నేను వంగి బంతి పట్టుకున్నప్పుడు కాళ్ళ సందులోంచి మీరు కనిపిస్తారు, తెలుసా? తలకిందులుగా. నీలం పట్టా, దాంట్లోంచి రెండు తలకాయలు. కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అంటున్నారు మావాళ్ళు."

లైల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. గడ్డం గోక్కుంటూ పక్కకు చూశాడు. "కూర బావుందా?" అన్నాడు కొడుకుని. శనివారం శనివారానికీ అతను చిక్కిపోతున్నాడని అప్పుడే గమనించాను. నాకు ఊపిరిపోసే రోజే అతనికి ఊపిరాడని రోజు అని గమనించలేదు. గమనించదలచుకోలేదేమో.

నవంబరు మధ్యలో ఆఖరి ఆట. నది అవతలి సెయింట్ ఓస్విన్ కాలేజీతో. మా రెండు కాలేజీలూ ఏటా కొట్టుకు చచ్చేది ఒక పాత పాల క్యాను కోసం. సొట్టలు పడి, అడుగు తుప్పు పట్టి ఉంటుంది. గెలిచినవాళ్ళు దాన్ని ఏడాదంతా గాజు అల్మారాలో పెట్టి పూజించుకుంటారు. కిందటి మూడేళ్ళూ అది నది అవతలే ఉంది. ఈసారి క్యానుతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఎవరు గెలిస్తే లీగు వాళ్ళది, వాళ్ళకి జాతీయ పోటీల్లో చోటు. అంటే వచ్చే శనివారం ఇంకో ఆట. ఓడితే సీజను ఇక్కడితో సరి.

ఓడితే ఆ రోజే గారెట్‌కి చెప్పాలి. గెలిస్తే ఇంకో వారం. నేను పొద్దున్నే లేచి దుప్పటి మడతపెడుతూ ఇదే లెక్క వేసుకున్నాను.

ఆటకు ముందు, ఆఖరి ఏడాది పిల్లల్ని అమ్మానాన్నలతో సహా మైదానంలోకి పిలుస్తారు. అమ్మల చేతికి తలా ఒక చామంతి ఇస్తారు. మైకులో మా పేర్లు చదివారు: "గారెట్, వాళ్ళ తల్లిదండ్రులు లైల్, రోండా." మా మధ్యలో వాడు, వాడి రెండు చేతులూ మా ఇద్దరి భుజాల మీద. ఆ గడ్డి మీద నడుస్తుంటే వాడి బరువంతా మా మీదే వేసినట్టనిపించింది. ఫోటో తీశారు. లైల్ నవ్వలేకపోయాడు. ఫోటోగ్రాఫరు రెండుసార్లు అడిగినా నవ్వలేకపోయాడు.

అవతలి గ్యాలరీ అప్పటికే రెచ్చిపోతోంది. ఓస్విన్ వాళ్ళు పాలసీసాలు పట్టుకొచ్చి ఊపుతున్నారు. "పాలు తాగి పడుకోండి పిల్లలూ!" అని పాట. మావాళ్ళు ఊరుకుంటారా? "మూడేళ్ళ పాలు విరిగిపోయాయి, పారబోసుకోండి!" అని ఎదురు పాట. చలికి నోట్లోంచి పొగలొస్తున్నాయి. పెగ్గీ మెడకు కోడీ చిన్నప్పటి మఫ్లరు చుట్టుకుంది, అది ఆమెకు ఒక చుట్టు కూడా సరిగ్గా రాదు.

ఆట సాగినంతసేపూ ఎవరికీ ఎవరూ చిక్కలేదు. మేము పాయింట్లు చేస్తే వాళ్ళు చేశారు, వాళ్ళు దాటితే మేము అందుకున్నాం. ఒకసారి మా పిల్లవాడు గీత దాటాడని మేమంతా లేచి కౌగిలించుకున్నాక, రిఫరీ చేతులూపి కాదన్నాడు.

"ఒరేయ్ చారల చొక్కా! కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావట్రా?" అని వెనక వరసలో మా పాత ప్రిన్సిపాలుగారే అరిచారు. ఆయన భార్య కోటు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

"మీ గాజు అల్మారా తలుపు తీసి పెట్టుకోండి, ఈసారి క్యాను మాదే!" పెగ్గీ గొంతు బొంగురుపోయింది. అవతలి నుంచి పాలసీసాలు గణగణమన్నాయి.

మామూలు ఆట సమయం అయిపోయేసరికి ఇరవై, ఇరవై. సమం.

సమమైతే ఆట ఆగదు. ఇద్దరికీ చెరొక అవకాశం ఇస్తారు, గోలుకు దగ్గరలోంచి. అది కూడా సమమైతే మళ్ళీ చెరొకటి. ఎవరో ఒకరు తప్పేదాకా సాగుతుంది. నాకు ఆ నియమం అంత చక్కగా ఎప్పుడూ అనిపించలేదు. పొద్దుగూకేదాకా సాగనీ అనుకున్నాను. దీపాలు వెలిగించి ఆడనీ, మంచు పడనీ, ఎవరూ గెలవొద్దు, ఎవరూ లేవొద్దు.

మొదటి దఫాలో ఓస్విన్ వాళ్ళు బంతి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకున్నారు. తర్వాత మా వంతు. గారెట్ వంగాడు. విసిరాడు. కోడీ తన్నాడు. బంతి గోలు కమ్మీల మధ్యలోంచి వెళ్ళింది. మళ్ళీ సమం. పెగ్గీ ఏడుస్తూ నా చేతులు పట్టుకుంది. నేను లైల్ వైపు తిరిగాను. పట్టా కింద అతని మోకాలు నా మోకాలికి ఆనుకుని ఉంది.

"గెలుస్తారు," అన్నాను. "చూస్తూ ఉండు. వచ్చే శనివారం మళ్ళీ ఇక్కడే కూర్చుంటాం."

అతను నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అంతసేపు అతను నన్ను చూసి ఎన్నేళ్ళైందో.

రెండో దఫాలో ఓస్విన్ వాళ్ళు మళ్ళీ మూడు తెచ్చుకున్నారు. మా పిల్లలు ముందుకు తోసి తోసి ఒకచోట చిక్కుకుపోయారు. ఇక తన్నడమే. తగిలితే సమం, ఇంకో దఫా. తప్పితే అయిపోయింది. గారెట్ మైదానంలోకి పరుగెత్తాడు, వెనక కోడీ.

లైల్ తన వైపు టార్పాలిన్ ఎత్తి నా ఒళ్ళో పెట్టాడు. లేచాడు.

"లైల్?" అన్నాను.

"ఇంక నా వల్ల కాదు రోండా."

"ఏయ్! కూర్చో!" వెనక నుంచి ఎవరో అరిచారు. "మతి పోయిందా? ఇప్పుడు లేస్తావా?" పెగ్గీ తిరిగి చూసి నోటికి మఫ్లరు అడ్డం పెట్టుకుంది. లైల్ వంగి వంగి మోకాళ్ళు దాటుకుంటూ, "క్షమించండి, క్షమించండి" అంటూ మెట్లు దిగి కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నా పక్కన చలిగాలి దూరింది.

కింద గారెట్ వంగాడు. విసిరాడు. అది ఎప్పటిలాగే విసిరాడు, తిన్నగా, పట్టేవాడి చేతుల్లోకి. అది మాత్రం నేను చూశాను. కోడీ తన్నాడు. బంతి ఎడమ కమ్మీకి తగిలి టంగుమని మోగి, వెనక్కి గడ్డి మీద పడింది.

అవతల పాలసీసాలు, ఈలలు, కేకలు. వాళ్ళ పిల్లలు క్యాను కోసం పరుగెత్తారు. మా వరసలో ఒక పెద్దాయన టోపీ తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరో తండ్రి, "ఆ మనిషి లేవకుండా ఉండాల్సింది," అన్నాడు. గట్టిగా అనలేదు. కానీ అన్నాడు.

ఆట అయ్యాక తల్లిదండ్రులం మైదానంలోకి దిగుతాం, గెలిచినా, ఓడినా. నేను టార్పాలిన్ చేత్తో పట్టుకునే దిగాను, మడవడం కూడా తోచలేదు. కోడీ గడ్డి మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. పెగ్గీ వాడి పక్కన చతికిలబడి వీపు నిమురుతోంది. వాడి జట్టు పిల్లలు చుట్టూ నిలబడి ఉన్నారు, ఎవరూ వాడి వైపు చూడటం లేదు. చూడకపోవడమే వాడికి ఎక్కువ బాధ అని నాకనిపించింది.

గారెట్ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. ముఖం నిండా మట్టి, మట్టి మీద కన్నీటి చారలు. నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చాడు. తర్వాత తలెత్తి చుట్టూ చూశాడు.

"నాన్న ఏడి? నేను చూశాను. వంగినప్పుడు చూశాను, నాన్న లేడు. ఎందుకు లేచాడమ్మా?"

లైల్ అప్పటికి మా దగ్గరికి వచ్చాడు. కొడుకు అడిగింది విన్నాడు. అతని నోరు తెరుచుకోవడం చూశాను. ఇంతకుముందే చెప్పాను కదా, అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు. సీజనంతా నోరు మూసుకుని నెట్టుకొచ్చాడు గానీ, సూటిగా అడిగితే చెప్పేస్తాడు. అక్కడే, ఆ గడ్డి మీద, ఓడిపోయి ఏడుస్తున్న పిల్లవాడి ముఖం మీద చెప్పేస్తాడు. మీ అమ్మ పక్కన ఇంకో శనివారం కూర్చోలేక లేచానని చెప్పేస్తాడు.

"నేనే లేపాను," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"కాళ్ళు చలికి కొయ్యబారిపోయాయిరా. వెళ్ళి కాఫీ పట్టుకురమ్మన్నాను. వద్దు వద్దన్నాడు పాపం. నేనే పోరు పెట్టాను."

గారెట్ ఏడుపు ఆగిపోయింది. "కాఫీయా? అమ్మా! రెండో దఫాలో? మేము తన్నబోతుంటే? కాఫీయా?"

"ఆ చలి నీకేం తెలుసురా..."

"రోండా!" పెగ్గీ లేచి నిలబడింది. గొంతు పోయినా అరిచింది. "నువ్వా? ఇన్ని వారాలూ కాపాడుకొచ్చి, కాఫీ కోసమా? ఒసేయ్, నేను ఫ్లాస్కు తెచ్చాను కదే! నా కాళ్ళ దగ్గరే ఉంది కదే!"

"తెలీలేదే," అన్నాను.

"కాఫీ అంట!" అన్నాడు జట్టులో ఒకడు. ఇంకొకడు ఏడుస్తూనే పక్కున నవ్వాడు. "గారెట్ వాళ్ళమ్మకి కాఫీ కావాల్సొచ్చిందట రా!" ఆ మాట ఒకరి నుంచి ఒకరికి మైదానమంతా పాకింది. తండ్రులు తలలు అడ్డంగా ఊపారు. వాళ్ళకి కోపం తెచ్చుకోవడానికి ఒక చోటు దొరికింది. కోడీ కూడా తలెత్తి నా వైపు చూశాడు, తిట్టుకుంటూనే చూశాడు. తల అయితే ఎత్తాడు. పెగ్గీ నన్ను తిడుతూ తిడుతూ వాడి చెయ్యి పట్టి లేవదీసింది.

లైల్ నా చేతిలోంచి టార్పాలిన్ తీసుకుని అక్కడే మడతపెట్టాడు, మూలకు మూల కలిపి, ఎంతో జాగ్రత్తగా.

పార్కింగులో ఆ రోజు కూర ఎవరూ పెద్దగా తినలేదు. పిల్లలు స్నానాలకు వెళ్ళారు. లైల్ ఐసు పెట్టె మోసుకొచ్చి నా కారు వెనక పెట్టాడు. డిక్కీ మూయకుండా నిలబడ్డాడు.

"అలా ఎందుకు చెప్పావు?"

"నువ్వు నిజం చెప్పేసేలా ఉన్నావు."

తల ఊపాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. నేను అడగకుండా ఉండాల్సింది. కానీ అడిగాను. ఒక దారి ఇచ్చి అడిగాను, ఆ దారిన పోతాడేమోనని.

"మోకాలు పట్టేసిందా?"

"లేదు," అన్నాడు.

ఆ గ్యాలరీలో ఆ చోటు మహిమను అందరికంటే గట్టిగా నమ్మినవాడు అతనే. తను లేస్తే పిల్లలు ఓడిపోతారని నమ్మాడు. కన్న కొడుకు ఆఖరి ఆట అని తెలుసు. తెలిసీ లేచాడు. నా పక్కన కూర్చోవడం అతనికి అంత కష్టమైంది. నేను అప్పటిదాకా ఎక్కడో ఒక మూల దాచుకున్న ఆశ ఏదో ఉంది చూడండి, అది అక్కడ, డిక్కీ తెరిచి ఉన్న కారు దగ్గర, ఆరిపోయింది. ఏడుపు రాలేదు. చలి వేసింది, నిజంగానే వేసింది.

"పద," అన్నాను. "వాడు వస్తాడు. వాడికి చెప్పాలి కదా."

ఊళ్ళో పిజ్జా కొట్టులో మూల బల్ల దగ్గర కూర్చుని చెప్పాం. అతను చెప్పాడు, నేను పక్కనుంచి సరే అన్నాను. గారెట్ విన్నాడు. కాసేపు ఉప్పు డబ్బా తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "మరి ఇన్ని శనివారాలు నా కోసమా?" అన్నాడు. లైల్ అవునన్నాడు. నేనూ అవునన్నాను. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారు. వాడు లేచి వచ్చి ముందు వాళ్ళ నాన్నను, తర్వాత నన్ను కావలించుకున్నాడు. బంగారం లాంటి పిల్లాడు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. లైల్ ఇప్పటికీ ఆ మందుల షాపు మేడ మీదే ఉంటున్నాడు, ఒక్కడే. నేను ఈ ఇంట్లో ఒక్కదాన్నే. ఏటా నవంబరులో పాత జట్టు పిల్లలందరూ కలుస్తారు, తల్లిదండ్రుల్నీ పిలుస్తారు. కోడీకి బట్టతల వచ్చింది. వాడు తప్పిన ఆ గోలు సంగతి ఎవరూ ఎత్తరు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మాత్రం హాలంతా ఒక్క గొంతుతో, "కాఫీ ఇవ్వండ్రా ఆవిడకి!" అని అరుస్తారు. నేను చెయ్యి ఊపి నవ్వుతాను. అవతలి గోడ దగ్గర లైల్ కాగితం పళ్ళెం వైపు తల దించుకుంటాడు.

మేము విడిపోయినందుకు గారెట్ ఆ పిజ్జా బల్ల దగ్గరే క్షమించేశాడు. కాఫీకి మాత్రం ఇంకా క్షమించలేదు.